మన చోళ్లు గూగుల్‌లో ఎందుకు కనపడవు? రైతు వెబ్‌సైట్‌కి ఎస్‌ఈఓ తొలి పాఠం

పై వీడియోలో ఫోన్ స్క్రీన్ మీద చూపించినవే ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను. ఇది పక్కన పెట్టుకుని మీ సైట్‌లో ఒక్కొక్కటీ సరిచేసుకోండి.

ముందు నా తప్పు చెప్తాను. చోళ్లు, సామలు, జీడిపప్పు, బెల్లం అమ్ముదామని వెబ్‌సైట్ పెట్టించాను. "3 నెలల్లో గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ" అన్న ఒకాయనకి 25 వేలు ఇచ్చాను. 3 నెలల్లో వచ్చిన ఆర్డర్లు రెండు. రెండూ మా చుట్టాలవే! అడిగితే ఫోన్ ఎత్తడం మానేశాడు. తీరా చూస్తే సైట్ పేరు, అంటే డొమైన్, ఆయన పేరు మీదే ఉంది. కొత్త పేరు కొనుక్కుని మళ్లీ మొదటికొచ్చాను.

మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో రాసింది. ఆ ముక్క ముందే చదివి ఉంటే నా డబ్బులు మిగిలేవి. డొమైన్ మన భూమి పాస్‌బుక్ లాంటిది. మీ పేరు మీద, మీ మెయిల్‌తోనే కొనండి.

ఎస్‌ఈఓ అంటే ఏమిటి?

సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్. గూగుల్ ముందు మన పేజీలు తిరిగి చూస్తుంది, తన ఇండెక్స్‌లో రాసుకుంటుంది, ఎవరైనా వెతికితే పనికొచ్చేవి పైన చూపిస్తుంది. ఈ మూడు పనులూ దానికి సులువయ్యేలా సైట్‌ని సిద్ధం చేయడమే ఎస్‌ఈఓ. దీనికి గూగుల్‌కి పైసా కట్టక్కర్లేదు. డబ్బిచ్చి వేసే ప్రకటన యూరియా లాంటిది, ఆపితే పచ్చదనం పోతుంది. ఎస్‌ఈఓ ఘనజీవామృతం లాంటిది. నెలలు పడుతుంది గానీ నేల మిగులుతుంది.

1. కొనేవాళ్ల మాటలో రాయండి

నా సైట్‌లో అన్నిచోట్లా "చోళ్లు" అనే రాశాను. శ్రీకాకుళం, విజయనగరంలో అందరికీ తెలిసిన మాటే. కానీ ఇక్కడివాళ్లు చోళ్లు నా దగ్గర ఎందుకు కొంటారు? కొనేది వైజాగ్, హైదరాబాద్, బెంగళూరు వాళ్లు. వాళ్లు వెతికేది రాగులు, రాగి పిండి, ఫింగర్ మిల్లెట్. తెలంగాణలో కొందరు తైదలు అంటారు. మా అమ్మకి చెప్తే, "ఏట్రా, చోళ్లంటే ఆలకి తెల్దేటి?" అంది. తెలీదమ్మా, అదే చిక్కు.

అందుకని పేజీలో అన్ని పేర్లూ సహజంగా వచ్చేలా రాశాను. చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, కాబట్టి అలా కూడా ఒకసారి రాయండి. అంతేగానీ ఒకే మాట యాభైసార్లు కుక్కకండి. దాన్ని గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుంది.

2. ఒక పంటకి ఒక పేజీ

అన్నీ ఒకే పేజీలో కలిపేస్తే దేనికీ పైకి రాదు. ప్రతి పేజీకి వేరే టైటిల్ ఉండాలి. నా పాత టైటిల్ "హోమ్". ఇప్పుడు "శ్రీకాకుళం ప్రకృతి వ్యవసాయ రాగులు, రైతు నుంచి నేరుగా". ధరల పట్టిక ఫొటోగా పెట్టకండి, అక్షరాల్లో టైపు చేయండి. ప్రతి ఫొటోకీ ఆల్ట్ టెక్స్ట్‌లో అదేమిటో ఒక వాక్యం రాయండి. ఫొటోల సైజు తగ్గించండి. గూగుల్ మన సైట్ మొబైల్ రూపాన్నే ప్రధానంగా చూస్తుంది.

సీజన్ ముందే రాయండి. మన ఉద్దానం జీడి మార్చి నుంచి మే దాకా వస్తుంది. ఆ పేజీ మేలో పెడితే లాభం లేదు, జనవరికల్లా ఉండాలి.

3. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

ఇది ఉచితం. పేరు, ఫోన్, పనివేళలు, ఫొటోలు పెట్టి వెరిఫై చేయించుకోండి. దగ్గరలో వెతికేవాళ్లకి మ్యాప్‌లో కనపడతాం. కొన్నవాళ్లని నిజమైన రివ్యూ రాయమని అడగండి. డబ్బిచ్చి రాయించకండి.

4. యూట్యూబ్ వీడియోని సైట్‌కి కలపండి

వీడియో టైటిల్‌లో పంట పేరు, ఊరు రాయండి. వివరణలో ఆ పంట పేజీ లింకు ఇవ్వండి. పేజీలో అదే వీడియో పెట్టి, కింద నాలుగు పేరాలు రాయండి.

5. సెర్చ్ కన్సోల్ చూడండి

గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా ఉచితమే. జనం ఏ మాటతో మన దగ్గరికొచ్చారో చెప్తుంది. నాకు అక్కడే కళ్లు తెరుచుకున్నాయి. ఎక్కువగా కనపడిన మాట "మొలకెత్తిన రాగి పిండి". అది నేను అమ్మడమే లేదు! మా ఇంట్లో చిన్నపిల్లలకి అమ్మ ఎప్పుడూ చేసేదే. ఇప్పుడు అదే ఎక్కువ పోతోంది. చోళ్లు గింజగా అమ్మినదానికంటే పిండిలో నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతున్నాయి.

ఒక్క జాగ్రత్త

పైకి రావాలని అబద్ధం రాయకండి. పీజీఎస్ గానీ, ఎన్‌పీఓపీ గానీ సర్టిఫికెట్ లేకపోతే "సర్టిఫైడ్ ఆర్గానిక్" అనకండి. "షుగర్ పోతుంది" లాంటివి అసలు వద్దు. ఆహారం రోగాన్ని నయం చేస్తుందని ప్రచారం చేయడం చట్టవిరుద్ధం. దానికి బదులు విత్తనం ఎక్కడిది, జీవామృతం ఎన్నిసార్లు పోశాం, ఎప్పుడు కోశాం రాయండి. మధ్యవర్తి మన చోళ్లు కొని, సంచి మార్చి అమ్ముకోగలడు. ఈ వివరాలు మాత్రం అతని దగ్గర ఉండవు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ పంట పేరు మీరు కాకుండా, వేరే ఊళ్లో ఉన్న చుట్టం చేత గూగుల్‌లో వెతికించండి. ఏ మాట టైపు చేశారో అడిగి రాసుకోండి. మీ మొదటి పేజీ ఆ మాటతోనే మొదలవ్వాలి. సెర్చ్ కన్సోల్ ఎలా పెట్టుకోవాలో వచ్చే వీడియోలో చూద్దాం.