పెంటకుప్పయు, వేపచెట్టును

రైతు ఋణపత్రమున ఎరువుల పద్దును, పురుగుమందుల పద్దును నానాట బరువగుచున్నవి. ఆ బరువును తగ్గింపగల ద్రవ్యములు ఆతని వాకిటనే కలవని మేము మనవి చేయుచున్నాము.

ఇందోరు నగరమున ఆల్బర్టు హోవర్డు దొర చెత్త, పేడ, మన్ను, బూడిదలను పొరలుగా పేర్చి, తడిపి, తిరుగవేసి మూడు మాసములలో ఎరువు చేయు పద్ధతిని రూపొందించి 1931లో ప్రకటించెను. పెంటను ఎండవానలకు విడిచిన సారము నశించును. మాగించి వేసిన నేల గుల్లబారి తేమను నిలుపుకొనును.

ఇక వేప. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రి నానవేసి, వడగట్టి, 100 లీటర్ల ద్రావణముగా జేసి సాయంకాలము చల్లవలెను. పురుగు తత్‌క్షణమే చావదు. కాని మేత మాని, ఎదుగుదల తప్పి క్షీణించును. అప్పటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు ఇట్టి ఉపాయములతోనే 2004 నాటికి రసాయనిక పురుగుమందులను విసర్జించిరి.

వేపనూనెతో బూజుతెగుళ్ల నరికట్టు విధమునకు ఐరోపాలో పరులు పొందిన పేటెంటు మనవారి పోరాటముచే 2000లో రద్దయ్యెను. 2005లో ఆ తీర్పే స్థిరపడెను. హక్కును నిలుపుకొంటిమి సరే, గింజలను ఏరుకొంటిమా? ఏటేట గ్రీష్మాంతమున అవి చెట్టుక్రిందనే కుళ్లుచున్నవి. గ్రామ పంచాయతీలు ఈ పనికి పూనుకొనుగాక!