మబ్బు చాటునా కనిపించే వరి మడి

ఆకాశం నుంచి పంటల ఫొటోలు తీసే ఉపగ్రహాలు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. చిక్కల్లా వానాకాలంలోనే. సార్వా నాట్ల వేళ ముసురు పట్టిందంటే వాటికి కనిపించేది మబ్బే. తుపానుకు చేలు మునిగినప్పుడూ అంతే.

ఈ లోటు తీర్చేవే రాడార్ ఉపగ్రహాలు. మనవాళ్లు సొంత రాడార్‌తో తయారుచేసిన 1858 కిలోల రీశాట్-1 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుంచి పైకెళ్లింది. దాని పని ముగిశాక, 2022 ఫిబ్రవరి 14న అదే కోవలో ఈఓఎస్-04ను పంపారు.

వీటికి ఎండ వెలుగుతో పని లేదు. తామే రేడియో తరంగాలను కిందికి వదిలి, తిరిగొచ్చిన వాటిని పట్టుకుంటాయి. మబ్బులోని సన్నటి తుంపర ఆ తరంగాలను ఆపలేదు. రాత్రయినా ఒకటే.

నిలిచిన నీరు అద్దం లాంటిది. ఏటవాలుగా పడిన తరంగాన్ని అవతలికి తోసేస్తుంది. అందుకే దమ్ము చేసి నాటిన మడి బొమ్మలో నల్లగా పడుతుంది. పిలకలేసి దుబ్బు కట్టే కొద్దీ ఆకులూ కాడలూ తరంగాన్ని వెనక్కి కొడతాయి, మడి తెల్లబడుతుంది. ఈ వరస చూసే వరి అని పోలుస్తారు.

మరి మునిగిన చేనూ నల్లగానే ఉంటుంది కదా? ఉంటుంది. నిన్న నాటిన మడికీ దానికీ బొమ్మలో తేడా తెలీదు. కాబట్టి ముంపుకు ముందు బొమ్మనూ, తర్వాతి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎదిగిన పైరు సగమే మునిగితే ఇంకో తంటా. నీటికీ కాడలకూ తగిలి తరంగం గట్టిగా వెనక్కొస్తుంది, ముంపు ఉన్నా తెల్లగా కనిపించొచ్చు.

చిన్న రైతుకు అసలు సంగతి ఇక్కడుంది. రీశాట్-1 ఒకేసారి 115 కిలోమీటర్ల వెడల్పు చూసేటప్పుడు వివరం సుమారు 25 మీటర్లే. అంటే ఒక్కో చుక్కకు 15 సెంట్లు. ముప్ఫై సెంట్ల మడికి దక్కేవి రెండు చుక్కలు, అవీ పక్క చేనుతో కలిసిపోవచ్చు. మండలంలో ఎంత మునిగిందో చెప్పడానికి ఇది భేషైన సాధనం. మీ చేలో 33 శాతం పంట పోయిందా లేదా అన్నది మాత్రం గట్టు మీదికొచ్చి చూసిన మనిషే తేల్చాలి. పెట్టుబడి రాయితీకి 2015 నుంచి పెట్టిన హద్దు అదే మరి.

కాబట్టి పైనుంచి చూశారులే అని ఊరుకోవద్దు. ఈ-పంటలో పేరు, సర్వే నంబరు, పంట సరిగా పడ్డాయో లేదో ముందే చూసుకోండి. కౌలుదారులైతే మరీను. బొమ్మలో చేను కనిపిస్తుంది గానీ, దున్నినవాడు కనిపించడు.

2025 జూలై 30న భారత్, అమెరికా కలిసి పంపిన నిసార్ 12 రోజులకోసారి నేలనంతా చుట్టి చూస్తుంది. ఈలోగా నీరు వచ్చి తీసేసిందంటే ఏ బొమ్మలోనూ పడకపోవచ్చు. మునిగిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి, ఊళ్లోని వ్యవసాయ సిబ్బందికి చూపించండి.