రిజిస్ట్రీ సెట్ (నాణేల సేకరణ)

రిజిస్ట్రీ సెట్ అనగా నాణేల సేకర్తలు తమ సేకరణను ఇతరుల సేకరణలతో పోటీకి నిలుపుటకై ఒక నిర్ణీత జాబితా ప్రకారం నమోదు చేసే నాణేల సముదాయం. అమెరికాలోని గ్రేడింగ్ సంస్థలైన పి.సి.జి.ఎస్. (స్థాపన 1986), ఎన్.జి.సి. (స్థాపన 1987) ఈ పోటీలను నిర్వహిస్తున్నాయి. జాబితాలో ఒక్కొక్క నాణేనికి ఒక్కొక్క గడి ఉంటుంది. షెల్డన్ కొలమానంలో (1 నుండి 70 వరకు) నాణేనికి లభించిన గ్రేడును, ఆ గడికి కేటాయించిన భారాంకాన్ని బట్టి మార్కులు లెక్కిస్తారు. గడి ఖాళీగా ఉంటే మార్కులు తగ్గుతాయి. కనుక జాబితాను నిర్ణయించేవారు పోటీ ఫలితాన్ని, కొంతమేరకు నాణేల ధరలను కూడా నిర్ణయిస్తున్నారనుకోవచ్చు. మోర్గాన్ వెండి డాలరు ఇందుకు చక్కని ఉదాహరణ.

ప్రాథమిక జాబితా

మోర్గాన్ డాలర్లను 1878 నుండి 1904 వరకు, మరల 1921లో ముద్రించారు. సంవత్సరము, టంకశాల చిహ్నము అనే రెండు ప్రమాణాలతో తయారుచేసిన జాబితా వంద లోపు నాణేలతో ముగుస్తుంది. భారతీయ నాణేలపై సంవత్సరం క్రింద నక్షత్రం హైదరాబాదు టంకశాలను సూచించినట్లే, ఈ డాలర్ల వెనుకవైపున "సిసి" కార్సన్ సిటీని, "ఎస్" శాన్ ఫ్రాన్సిస్కోను, "ఓ" న్యూ ఓర్లియన్స్‌ను సూచిస్తాయి. ఫిలడెల్ఫియా నాణేలపై చిహ్నం ఉండదు. ఇంతవరకు వివాదం లేదు.

రకాంతరాలు

చిక్కు అచ్చుల తేడాలతో మొదలవుతుంది. 1878లో మొదట గద్ద తోకకు ఎనిమిది ఈకలు ఉండేవి, తరువాత ఏడుకు తగ్గించారు. కొన్ని అచ్చులలో ఎనిమిది ఈకలపైనే ఏడు ఈకల ముద్ర వేశారు. ఇవి కంటికి కనిపించే తేడాలు కనుక వేరువేరు గడులు ఇవ్వడం సబబే. 1900 నాటి న్యూ ఓర్లియన్స్ డాలర్లలో కొన్నింటిపై "సిసి" పైన "ఓ" ముద్ర కనిపిస్తుంది. కార్సన్ సిటీలో ముద్రణ 1893లో ఆగిపోగా మిగిలిన అచ్చులను అక్కడ వాడుకున్నారు. దీనికి చారిత్రక ప్రాముఖ్యత కూడా ఉన్నది.

అయితే వాన్ ఆలెన్, మాలిస్ పరిశోధకులు వర్గీకరించిన పద్ధతిలో రకాంతరాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో అధికభాగం భూతద్దంతో తప్ప తెలియవు. అన్నింటికీ గడులిస్తే సెట్ పూర్తిచేయడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఒక రకాంతరానికి గడి ఏర్పడగానే అంతకుముందు దానిని పట్టించుకోనివారు కూడా వెదకవలసి వస్తుంది. లభ్యమయ్యే నాణేలు అన్నే ఉండగా గిరాకీ పెరుగుతుంది. అందువలన ప్రాథమిక సెట్, రకాంతరాలతో కూడిన సెట్ అని రెండుగా విభజించడం మేలైన పద్ధతి.

1895 సమస్య

టంకశాల లెక్కల ప్రకారం 1895లో ఫిలడెల్ఫియాలో 12,000 చలామణీ డాలర్లు ముద్రించారు. కాని వాటిలో ఒక్కటి కూడా ఉన్నట్లు నిర్ధారణ కాలేదు. ప్రదర్శన కొరకు ప్రత్యేకంగా ముద్రించిన 880 ప్రూఫ్ నాణేలు మాత్రమే తెలుసు. చలామణీ సెట్‌లో ఈ గడి ఉంచితే దానిని ప్రూఫ్‌తోనే నింపాలి. అప్పుడు ధనవంతులకే సెట్ పూర్తవుతుంది, పైగా వేరే పద్ధతిలో ముద్రించిన నాణేన్ని వీటితో పోల్చవలసి వస్తుంది. తీసివేస్తే శ్రేణిలో ఒక సంవత్సరపు ఫిలడెల్ఫియా నాణెం లోపిస్తుంది. పేరులోనే "చలామణీ" అని ఉన్నప్పుడు ప్రూఫ్‌ను మినహాయించడమే న్యాయంగా తోస్తుంది.

భారాంకాలు

ముద్రణ సంఖ్య ఒక్కటే చూచి భారాంకం ఇవ్వరాదు. 1893-ఎస్ లక్ష నాణేలే ముద్రించారు, కనుక ఏ స్థితిలోనైనా అరుదే. 1884-ఎస్ 32 లక్షలు ముద్రించారు. అరిగినవి సులభంగా దొరుకుతాయి గాని అరగనివి బహు అరుదు. 1881-ఎస్ మాత్రం మెరుపు తగ్గనివే కొల్లలుగా ఉన్నాయి. భారాంకం 10 గల గడిలో ఒక గ్రేడు పెరుగుదల, భారాంకం 1 గల గడిలో పది గ్రేడుల పెరుగుదలతో సమానం. అందుచేత ఈ అంకెలపై సేకర్తల వాదోపవాదాలు తెగవు.

2021 డాలర్లు

2021లో అమెరికా టంకశాల సేకర్తల కొరకు మోర్గాన్ డాలర్లను మరల విడుదల చేసింది. పాత నాణేలలో వెండి 90 శాతం కాగా వీటిలో 99.9 శాతం. వీటిలో "సిసి", "ఓ" గుర్తులు గలవి కూడా ఫిలడెల్ఫియాలోనే ముద్రించబడ్డాయి, ఆ గుర్తులు కేవలం స్మారకాలు. నమూనా ఒకటే అయినా లోహం, ఉద్దేశం వేరు కనుక వీటిని 1878-1921 సెట్‌లో చేర్చక ప్రత్యేక సెట్‌గా ఉంచడం సమంజసం.