వార్తల్లో పదం: ఆర్థిక ప్రపంచీకరణ

సరుకులు, సేవలు, పెట్టుబడులు, సాంకేతికత సరిహద్దులు దాటి ప్రవహించడం, దాంతో దేశాల ఆర్థిక వ్యవస్థలు ఒకదానిపై ఒకటి ఆధారపడటమే ఆర్థిక ప్రపంచీకరణ. 1991 సంస్కరణలతో భారత్‌ ఈ దారిలో వేగం పెంచింది. 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యవస్థాపక సభ్యదేశం కూడా.

ఎందుకు వార్తల్లోకి?
2025 ఆగస్టులో అమెరికా చాలా భారతీయ వస్తువులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ అమెరికాకు రొయ్యలు పంపే ఆంధ్రప్రదేశ్‌ చెరువులను తాకింది.

లాభాలు
ఈ చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పుట్టిల్లు లాటిన్‌ అమెరికా పసిఫిక్‌ తీరం. 2009లో మన దేశంలో వాణిజ్య సాగుకు అనుమతి వచ్చాక గోదావరి, కృష్ణా డెల్టాల రూపురేఖలే మారాయి. విదేశీ తల్లి రొయ్యలు, హేచరీలు, మేత కంపెనీలు వచ్చాయి. డాలర్లు వచ్చాయి. రొయ్యలు ఒలిచే, శుద్ధి చేసే కర్మాగారాల్లో వేలాది మంది మహిళలకు పని దొరికింది.

నష్టాలు
ధర రైతు చేతిలో లేదు. ఎక్కడో సుంకం పెరిగితే ఇక్కడ కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధర పడిపోతుంది. మేత, కౌలు, కరెంటు ఖర్చులు మాత్రం తగ్గవు. ఉప్పునీటి చెరువుల వల్ల పక్కనున్న పొలాలు, తాగునీరు చెడిపోతున్నాయి.

తలుపులు మూసుకోవడం పరిష్కారం కాదు. ఒకే దేశంపై ఆధారపడకుండా కొత్త మార్కెట్లు వెతకాలి, దేశంలో రొయ్యల వాడకం పెంచాలి, కౌలు రైతుకూ బీమా అందించాలి. లాభం అందరూ పంచుకుని, నష్టాన్ని బలహీనుడి మీదికి నెట్టడం అన్యాయం.