నీళ్లలోకి దిగేముందు...

రిసార్టు బుక్ చేసుకునేటప్పుడు గదిలోంచి సముద్రం కనిపిస్తుందా అని అడుగుతాం. స్కూబా డైవింగ్‌కి వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది!

భోగాపురం పరిసరాల్లో బస చేసి రుషికొండ, మంగమారిపేట వైపో, చింతపల్లి తీరాన మునిగిన ఓడ శిథిలాల దగ్గరికో వెళ్లొచ్చు. అయితే కరీబియన్ దీవుల ఫొటోలు చూసి అద్దంలాంటి నీళ్లు ఆశించొద్దు. మనది బంగాళాఖాతం, కెరటాలు రేగితే నీళ్లన్నీ బురదే. అలాంటిరోజు డబ్బు వదులుకుని 'రేపు రండి' అనేవాళ్లే మంచి నిర్వాహకులు.

శిక్షకుడికి 'పాడి' లాంటి సంస్థ ధ్రువపత్రం ఉందా? ఒక్కొక్కరు ఎంతమందిని దింపుతారు? పడవలో ఆక్సిజన్ ఉందా? (వీపున కట్టేది మామూలు గాలే.) బేరమాడేముందు ఇవన్నీ అడగాలి. ఉబ్బసం, గుండెజబ్బుల సంగతి అడక్కుండా సంతకం పెట్టించుకుంటే వెనక్కి వచ్చేయడమే మేలు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సరదాగా తొలిసారి దిగేవాళ్లకి 12 మీటర్లే హద్దు, పదేళ్లు నిండని పిల్లలకి ఒడ్డే హద్దు!

లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ వెంటనే పోదు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. అరకు ఘాట్‌కీ ఇదే లెక్క, అదీ ఎత్తేగా! కాబట్టి డైవింగ్ మొదటిరోజే. ఆఖరిరోజుకి రామతీర్థం పెట్టుకోండి.