నీళ్లడగని కారబ్ తోట

ఐస్‌క్రీమ్ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘స్టెబిలైజర్’ అన్న చోట 410 అనే అంకె ఉంటే, అందులో కారబ్ గింజల జిగురు కలిసిందని అర్థం. పక్కనే తరచూ కనిపించే 412 మనకు తెలిసిన గోరుచిక్కుడు గింజల జిగురు. ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు పెద్దవి కాకుండా చూడటం రెండింటి పనీ. గోరుచిక్కుడును ఏటా దున్ని విత్తుకోవాలి. కారబ్ మాత్రం ఒకసారి నాటుకుంటే వందేళ్లకు పైగా నిలిచే చెట్టు. ముదురు గోధుమ రంగులో, పెద్ద చింతకాయల్లా ఉంటాయి దాని కాయలు.

మధ్యధరా ప్రాంతమే దాని పుట్టిల్లు. పోర్చుగల్ దక్షిణ కొసన ఉన్న ఆల్గార్వ్‌లో, తీరానికీ కొండలకీ నడుమ బరోకాల్ అనే సున్నపురాయి నేల ఉంది. పలచటి మట్టి, అడుగడుగునా రాయి. వేసవి నెలల్లో చినుకు పడటమే అరుదు. అక్కడి రైతులు కారబ్, బాదం, అత్తి, ఆలివ్ చెట్లను కలిపి, వాన మీదే ఆధారపడి తరతరాలుగా పెంచుతున్నారు. కారబ్ వేళ్లు రాతి పగుళ్లలోంచి లోతుకు దిగి తేమను వెతుక్కుంటాయి. దళసరి ఆకులు ఆ తేమను తేలిగ్గా పోనివ్వవు. ఏడాదికి 300 నుంచి 500 మిల్లీమీటర్ల వాన పడితే చాలు, చెట్టు బతికి కాపునిస్తుంది.

ఈ గుణం విలువ 2024లో మరింత తెలిసొచ్చింది. ఆ ఏడాది మొదట్లో కరువు ముదిరి, ఆల్గార్వ్ వ్యవసాయానికిచ్చే నీటిలో పోర్చుగల్ ప్రభుత్వం కోత పెట్టింది. అదే ప్రాంతంలో కొత్తగా వెలిసిన అవకాడో తోటలకు మాత్రం ఎండాకాలమంతా నీరు పెట్టాల్సిందే. నీళ్లు కరువైన చోట ఏ చెట్టు నాటుతున్నామన్నది ఊరందరి తాగునీటికి సంబంధించిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

కారబ్ మేలు నీటితో అయిపోదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండి నేలకు నీడనిస్తుంది, వేళ్లతో వాలు నేలల మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది. గాలిలోంచి తీసుకున్న కార్బన్‌ను దశాబ్దాల పాటు తన కలపలో దాచుకుంటుంది. మిగతా చెట్లకు పూత తగ్గిపోయే శరదృతువులో పూస్తుంది కాబట్టి తేనెటీగలకు ఆసరా. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చిక్కుడు కుటుంబానిదే కదా, నేలకు నత్రజని ఇస్తుందని చాలామంది రాస్తారు. ఆ కుటుంబంలో చాలా మొక్కల వేళ్లకు కనిపించే బుడిపెలు దీని వేళ్లకు మామూలుగా కనిపించవు. అంచేత ఆ లాభాన్ని లెక్కలో వేసుకోకపోవడమే మంచిది.

కాయలో వృథా పోయేదీ దాదాపు లేదు. బరువులో పదో వంతు గింజ, అదే ఖరీదైన సరుకు. మిగిలిన తియ్యటి గుజ్జు పశువుల దాణాకు, కోకోకు బదులు వాడే పిండికి, లెబనాన్, సైప్రస్‌లలో చిక్కటి పాకానికి పోతుంది.

అయితే ఓపిక కావాలి. అంటు కట్టిన మొక్క కూడా సరైన కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మగ, ఆడ చెట్లు చాలావరకు వేరువేరు. పూత కాయై పండటానికి సుమారు పదకొండు నెలలు. అందుకే కాయ దులిపే రోజుల్లోనే మరుసటి ఏటి పూమొగ్గలు అదే కొమ్మ మీద ఉంటాయి. పొడవాటి కర్రతో మోటుగా కొడితే వచ్చే ఏటి కాపే రాలిపోతుంది. చెయ్యి తిరిగిన కూలీలు దొరక్కపోయినా, ధర పడిపోయినా కాయలు చెట్టు కిందే ఎండిపోతాయి. కొన్నాళ్లకు తోట పాడుపడుతుంది, లేదా నరికి వేరే పంట వేస్తారు. నీరు ఆదా చేసే చెట్టు నిలబడాలన్నా దాని కాయను కొనేవాళ్లుండాలి.

ఇది చదివి అనంతపురం మెట్టల్లో కారబ్ వేద్దామని తొందరపడొద్దు. దానికి చలికాలపు వాన, పొడి వేసవి అలవాటు. మన వానలు నైరుతి రుతుపవనాలవి, నీరు నిలిస్తే దాని వేళ్లు తట్టుకోలేవు. మన మెట్టకు అలవాటుపడిన చింత, సీతాఫలం, కానుగ ఉండనే ఉన్నాయి. వాటి కాయ కోసేవాళ్లకు కూలీ గిట్టుబాటయ్యే ధర, గింజను కూడా కొనే మిల్లు ఊరికి దగ్గర్లో ఉన్నాయా అన్నదే ముందు చూసుకోవాల్సింది.