డ్రెస్ అనగా దుస్తులు మాత్రమేనా?

రాజపాళయం సమీపాన ఉన్న సత్రపట్టిలో మరమగ్గాల మీద నేసేది చీరలూ పంచెలూ కాదు, ఆసుపత్రుల్లో గాయాలకు వాడే పలుచని తెల్లగుడ్డ. ఆ గుడ్డను చుట్టలుగా చుట్టి, సంచుల్లో కట్టి, దేశం నలుమూలలకూ పంపుతారు. సంచులపై ఇంగ్లీషులో ‘సర్జికల్ డ్రెస్సింగ్స్’ అని అచ్చు వేసి ఉంటుంది. మా పిల్లలు అక్షరాలు కూడబలుక్కునే వయసు నుండీ ఈ మాటను చూస్తూనే ఉంటారు. ఎనిమిదవ తరగతిలో ఒకసారి దాని అర్థం అడిగాను. ‘శస్త్రచికిత్స చేసే డాక్టర్లు వేసుకునే బట్టలు’ అని సగం తరగతి ఒక్క గొంతుతో చెప్పింది. ఆనాడు నేను నవ్వి, సరిదిద్ది, పాఠంలోకి వెళ్లిపోయాను. అంతటితో వదలివేయదగిన తప్పు కాదని నాకు తరువాత తెలిసింది.

అదే తరగతిలోని ఒక బాలుని అవ్వకు చక్కెర వ్యాధి. కాలికి పుండు పడితే ఆసుపత్రిలో శుభ్రం చేసి, కట్టు కట్టి, చీటీ వ్రాసి ఇంటికి పంపారు. చీటీలో ‘డ్రెస్సింగ్, ఆల్టర్నేట్ డేస్’ అని ఉంది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలవాడు ఆ పిల్లవాడు ఒక్కడే. రోజు విడిచి రోజు బట్టలు మార్చాలని అర్థం చెప్పాడు. కుటుంబమంతా శ్రద్ధగా ఆ పని చేసింది. అవ్వకు ఒక రోజు తప్పి ఒక రోజు ఉతికిన చీర కట్టారు. కాలి కట్టును మాత్రం ఎవరూ ముట్టలేదు. వారం గడిచి వాసన వచ్చాక మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తారు. చివరికి ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. ఆలస్యం ఒక్కటే కారణం కాదని డాక్టరు అన్నారట. కానీ ఆ పిల్లవాడు నాతో, ‘సార్, మీరు చెప్పిన అర్థమే చెప్పినాను’ అన్నాడు. నిజమే. డ్రెస్ అంటే దుస్తులు ధరించుట అని బల్ల మీద వ్రాసి, పదిసార్లు వ్రాసుకుని రమ్మన్నది నేనే. వారి ఇంటి మగ్గం మీద నేస్తున్నది ఆ డ్రెస్సింగు గుడ్డే కావడం నన్ను మరీ బాధించింది.

అందుచేత ఈ మాటను మొదటినుండి చూద్దాం.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు ఆ దేశపు భాషలోకి వెల్లువగా వచ్చాయి. 14వ శతాబ్దిలో చేరిన ‘డ్రెస్’ వాటిలో ఒకటి. పాత ఫ్రెంచిలో దీని రూపం ‘డ్రెసియే’. దానికి మూలం లాటిన్‌లోని ‘డిరెక్టుస్’, అంటే తిన్నగా ఉన్నది, సరిచేయబడినది. మనకు బాగా తెలిసిన ‘డైరెక్ట్’, ‘డైరెక్టర్’ కూడా ఆ లాటిన్ వేరు నుండి మొలిచినవే. ఉత్తరం మీద వ్రాసే ‘అడ్రస్’ దీనికి తోబుట్టువు. ఉత్తరాన్ని తిన్నగా ఒక చోటికి నడిపించేది. సోమవారం నాడు కలెక్టరు కార్యాలయంలో మనం అర్జీలు పట్టుకుని నిలబడే చోట వినిపించే ‘రిడ్రెస్’ మరొక తోబుట్టువు. జరిగిన అన్యాయాన్ని మళ్లీ సరిచేయడం దాని అర్థం.

కాబట్టి డ్రెస్ అన్న క్రియ పుట్టినప్పుడు అందులో గుడ్డ లేదు. తిన్నగా చేయు, సిద్ధపరచు, ఉండవలసిన తీరుకు తెచ్చు, ఇదే మొదటి అర్థం. మనిషిని బయటికి వెళ్లడానికి సిద్ధపరచడమంటే బట్టలు తొడగడమే గనుక ఆ అర్థం దీనికి అంటుకుని, కాలక్రమేణా మిగిలినవాటిని మించి పెరిగింది. గాయాన్ని శుభ్రపరచి, మందు వేసి, కప్పి, మానడానికి సిద్ధం చేయడాన్ని కూడా 15వ శతాబ్ది నాటికే ఈ మాటతో చెప్పసాగారు.

పాత అర్థం చచ్చిపోలేదు. బడి మైదానంలో కవాతు చూడండి. ‘రైట్ డ్రెస్’ అని ఆజ్ఞ ఇవ్వగానే ఏ కుర్రవాడూ చొక్కా గుండీలు తడుముకోడు. పక్కవానిని చూసి అడుగు ముందుకో వెనక్కో జరిపి వరుసను తిన్నగా చేసుకుంటాడు. ఏడువందల ఏళ్లనాటి అర్థం చెక్కుచెదరక అక్కడ నిలిచి ఉంది. ఉలితో చెక్కి సాపు చేసిన రాయి ‘డ్రెస్డ్ స్టోన్’. విత్తడానికి ముందు గింజలకు మందు పట్టించడం ‘సీడ్ డ్రెస్సింగ్’. మన రైతులు విత్తనశుద్ధి అంటారు. పైరు ఎదిగాక వేసే పైపాటు ఎరువు ‘టాప్ డ్రెస్సింగ్’. అన్నిటికంటె విచిత్రం కోడిమాంసం అంగడిలో ఉంది. ఈకలు పీకి, లోపల శుభ్రం చేసిన కోడి ‘డ్రెస్డ్ చికెన్’. ఒంటిమీది ఈకల బట్టను ఊడదీసిన కోడికి ఆ పేరేమిటని పిల్లలు పకపకా నవ్వుతారు. వంటకు సిద్ధమైన కోడి అని అర్థం చెబితే నవ్వు ఆగుతుంది.

ఇప్పుడు మన పొరపాటు ఎక్కడ మొదలవుతున్నదో చూడాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు బట్టల విషయంలో క్రియలు చాలా ఉన్నాయి. చీర కడతాం, చొక్కా తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం. ఏ వస్తువు ఒంటి మీదికి ఏ విధంగా చేరుతుందో దానిని బట్టి మన క్రియ మారుతుంది. మన చూపు వస్తువు మీద ఉంటుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘వేర్’ అనే ఒక్క క్రియ చాలు. ‘డ్రెస్’ మాత్రం దానికి సమానార్థకం కాదు. డ్రెస్ చూపు గుడ్డ మీద ఉండదు, గుడ్డ ఎవరికి చేరుతుందో వారి మీద ఉంటుంది. ‘ఐ డ్రెస్ ద చైల్డ్’ అంటే బిడ్డకు బట్టలు తొడుగుతాను. ‘ద నర్స్ డ్రెసెస్ ద వూండ్’ అంటే నర్సు గాయాన్ని శుభ్రం చేసి కట్టు కడుతుంది. కర్మ స్థానంలో బిడ్డ, గాయం ఉన్నాయి గాని చొక్కా, గుడ్డ లేవు.

ఇది పట్టుబడితే పరీక్షల్లో మార్కులు పోగొట్టే వాక్యం ఒకటి దానంతటదే సర్దుకుంటుంది. ‘షి డ్రెస్డ్ ఎ రెడ్ శారీ’ అని ఏటా కనీసం పదిమంది వ్రాస్తారు. ఎర్రచీరకు బట్టలు తొడిగింది అని దాని అర్థం! ‘షి వోర్ ఎ రెడ్ శారీ’ అనాలి, లేదా ‘షి వాజ్ డ్రెస్డ్ ఇన్ ఎ రెడ్ శారీ’ అనాలి. ‘విత్’ కాదు, ‘ఇన్’. ఉచ్చారణలో ‘డ్రెస్సెడ్’ అని సాగదీయరాదు, ‘డ్రెస్ట్’ అని ఒక్క ఊపిరిలో ముగించాలి. ఇక దీపావళికి కొత్త డ్రెస్ కుట్టించుకున్నానని మన అబ్బాయిలు చెబితే బ్రిటనులోని వాడు ఆశ్చర్యపోతాడు. నామవాచకంగా ‘ఎ డ్రెస్’ అంటే అక్కడ ఆడవారి గౌను. మన దేశంలో అది వాడుకైపోయింది గనుక నేను తప్పు పట్టను.

గాయానికి సంబంధించిన అర్థం నుండి ‘డ్రెస్సర్’ అనే ఉద్యోగం పేరు వచ్చింది. శస్త్రవైద్యుని పక్కన ఉండి కట్లు కట్టేవాడు డ్రెస్సర్. ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ 1816లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో చేసిన ఉద్యోగం ఇదే. మలయా రబ్బరు తోటల్లో తెలుగు, తమిళ కూలీలకు వైద్యం చూసే సహాయకుణ్ణి కూడా డ్రెస్సర్ అనే పిలిచేవారు. అక్కడ పనిచేసిన మనవారు ఆ మాట వింటే దర్జీవాడని పొరబడరు. జ్వరానికి మందిచ్చినవాడు వారికి గుర్తుకు వస్తాడు.

విశేషమేమంటే, మాటను ఇచ్చిన ఫ్రెంచివారు గాయానికి దానిని వాడరు. వారు ‘పాన్సే’ అంటారు. అది ‘ఆలోచించు’ అనే క్రియ నుండి చీలిన మాట. ఒకరిని గురించి ఆలోచించడం, వారిని కనిపెట్టుకుని ఉండడం నుండి గాయానికి కట్టు కట్టడం దాకా వచ్చింది. మన తెలుగులో ‘కట్టు’ చీరకూ గాయానికీ కూడా పనికివస్తుంది. తమిళంలోనూ అంతే. అంటే రెండు పనులను ఒకే మాటతో చెప్పడం మనకు కొత్త కాదు. అయినా డ్రెస్ దగ్గర మాత్రం చీర ఒక్కటే గుర్తుపెట్టుకుని గాయాన్ని మరచిపోయాం.

‘కట్టు’ అన్న మాటతో చిన్న చిక్కు ఉన్నదని కూడా ఒప్పుకోవాలి. పైన చుట్టే పట్టీ బ్యాండేజి. డ్రెస్సింగ్ అంటే పుండును కడగడం, మందు వేయడం, గాజు గుడ్డతో కప్పడం, పైన పట్టీ చుట్టడం, ఇంత పని. చీటీలో ‘డైలీ డ్రెస్సింగ్’ అని ఉంటే ప్రతిదినమూ పాతది విప్పి ఇదంతా మళ్లీ చేయించుకోవాలని అర్థం. ‘కీప్ డ్రెస్సింగ్ డ్రై’ అంటే కట్టు తడవరాదు. ‘ఆల్టర్నేట్ డేస్’ అంటే రోజు విడిచి రోజు.

మగ్గాలున్న ఇళ్లవారికి మరొక మాట. చేతికి దెబ్బ తగిలితే మగ్గం మీది కోరా గుడ్డను చింపి చుట్టుకోవడం మన ఊళ్లో చూస్తూనే ఉన్నాం. ఆ గుడ్డలో పత్తికి సహజంగా ఉండే మైనమూ, పడుగుకు పెట్టిన గంజీ ఉంటాయి. అది తడిని పీల్చదు. నీటిలో వేసి చూడండి, కోరా గుడ్డ తేలుతుంది. కాస్టిక్ సోడాతో ఉడికించి తెల్లబరచినది కొద్ది సెకన్లలో మునుగుతుంది. నేసిన గుడ్డ ఆ దశ దాటాకనే గాయం రసిని పీల్చగలదు. 1945 నాటి మందుల నియమావళిలో ఒక ప్రత్యేక షెడ్యూలును ఈ గుడ్డల ప్రమాణాలకే కేటాయించారు. దాని శీర్షికలోనూ కనిపించేది ‘సర్జికల్ డ్రెస్సింగ్స్’ అన్న మాటే. తెల్లబరచిన చుట్టల మీద కూడా ‘నాన్-స్టెరైల్’ అని ఉంటే అందులో క్రిములను ఇంకా చంపలేదని తెలుసుకోవాలి. పైన చుట్టడానికి అది పనికివస్తుంది. తెరచి ఉన్న పుండుకు నేరుగా తగిలే గుడ్డ ‘స్టెరైల్’ అని ముద్ర ఉన్న పొట్లంలోది కావాలి. పొట్లం ముందే చిరిగి ఉంటే ఆ ముద్రకు విలువ లేదు.